తుమిరా చేతికి కట్టిన కలం

రాగిరేకును సుత్తితో కొట్టి కొట్టి బొటనవేలంత గిన్నె చెయ్యడం, దానికి సన్నని గొట్టాన్ని ముక్కులా అతకడం, వెనక వెదురుపిడి బిగించడం, ఇదీ పొనిజో పని. ఆ గిన్నెలో కాగిన మైనం ముంచుకుని ఆడవాళ్ళు బట్టమీద పువ్వులూ లతలూ గీస్తారు. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. జావా దీవిలో ఇమోగిరి కొండల కింద ఏ ఊరికి వెళ్ళినా బట్ట గీసే ప్రతి చేతిలోనూ ఈ కలమే. వాళ్ళు చాంతింగ్ అంటారు. మైనపుకలం అంటే మనకి సరిపోతుంది.

పొనిజో చేసిన కలం బొట్టు కార్చదని పేరు. ఆ పేరు సగం తన అక్క తుమిరాదని అతనికి తెలుసు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పగలంతా బట్ట గీసి, ఆ సంపాదనతో తమ్ముడి కడుపు నింపింది. అతను పని నేర్చుకునే రోజుల్లో ప్రతి కలమూ ముందు ఆవిడ చేతికే వెళ్ళేది. ఒక గీత గీసి, నచ్చకపోతే విసిరేసేది.

"జలుబు చేసిందిరా దీనికి. ముక్కు కారుతోంది. తీసుకుపో."

ఆవలింత మధ్యలో కూడా చుక్క తప్పని చెయ్యి తుమిరాది. నెమలి ఈకల్లో ఆవగింజంత చుక్కలు పక్కపక్కన పెట్టుకుంటూ పోతుంటే చూసేవాళ్ళ కళ్ళే అలిసిపోయేవి. అలాంటి చెయ్యి, భూకంపం వచ్చిన ఏడు, గోడ కింద నలిగిపోయింది. చెయ్యి దక్కింది గాని వేళ్ళు దక్కలేదు. అవి కొయ్యబారి ఒకవైపుకి ఒరిగిపోయాయి. బొటనవేలు చూపుడువేలిని అందుకోలేదు.

తుమిరా ఆ మాట ఎవరితోనూ అనలేదు. "కళ్ళు మసకలొచ్చాయమ్మా, ఇక గియ్యలేను," అంది. కుడిచెయ్యి ఎప్పుడూ పైబట్ట కొంగు కిందే ఉండేది. ఊరంతా ఆ అబద్ధాన్ని మర్యాదగా నమ్మింది. బట్ట గీసే పాకలో పెద్దతల లాసియెమ్ అయితే కళ్ళకి మంచిదని తమలపాకులు నానబెట్టిన నీళ్ళు కూడా తెచ్చిచ్చేది, మొహంలో ఏ తేడా కనబడనివ్వకుండా. తుమిరా కొన్నాళ్ళు వాకిట్లో గంజి అమ్మింది. కాని మనిషికి ఎడంచేత్తో గిన్నె అందించడం ఎంత తప్పో తెలిసిన ఊరు అది. "ఫరవాలేదు వదినా," అని అందరూ అన్నారు. ఆవిడకే ఫరవా ఉంది. అది మానేసి, ఇంట్లో కూర్చుని నలుగురి బియ్యం చెరిగి పెట్టడం మొదలుపెట్టింది.

పొనిజో ఇదంతా చూస్తూ ఊరుకోలేకపోయాడు. తోలుబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన గేదెతోలు ముక్కలు అడిగి తెచ్చాడు. లావుపాటి కొయ్యపిడికి కలం బిగించి, ఆ పిడి అరచేతికీ మణికట్టుకీ పట్టీలతో కట్టుకునేలా చేశాడు. పాతచెప్పు బకిలు ఒకటి తగిలించాడు. చూడ్డానికి గుర్రం కళ్ళెంలా ఉంది. అక్క ఇంటికి తీసుకెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, తనే కట్టాడు.

తుమిరా గీసింది. గీత వణికింది గాని తెగలేదు. ఇంకొకటి గీసింది. ఆ తర్వాత చాలాసేపు ఆ గుడ్డముక్క వైపే చూస్తూ కూర్చుంది.

"దీన్ని ఇక్కడే ఉంచెయ్ రా. తలుపేసుకుని గీసుకుంటాను," అంది.

పొనిజో మొదటి మాట విన్నాడు. రెండో మాట అతని చెవిని తాకి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే నగరం నుంచి దనాంగ్ అనే కుర్రాడు కలాలు కొనడానికి వచ్చాడు. వికలాంగులకి పనికొచ్చే వస్తువులు చేయించే ఒక సంఘంలో పని చేస్తాడు. మంచివాడు, ప్రతిదానికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. మాటల్లో పట్టీల కలం సంగతి వచ్చింది. దనాంగ్ పొంగిపోయాడు. పెద్దవాళ్ళలో మగవాళ్ళని పాక్ అని, ఆడవాళ్ళని బూ అని పిలవడం అక్కడి మర్యాద.

"పాక్, వచ్చే వారం మా ప్రదర్శన ఉంది. దీన్ని తీసుకురండి. మీ అక్కగారిని కూడా. చూస్తే గాని జనం నమ్మరు."

పొనిజో అక్కని అడగాలి. అడిగితే ఒప్పుకోదని తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు.

"నగరంలో పనివాళ్ళ సంత అక్కా. నాలుగు వస్తువులు చూసి, అన్నం తిని వచ్చేద్దాం. పనసకాయ కూర పెడతారట," అన్నాడు. తుమిరా పెళ్ళిళ్ళకి వేసుకునే చీటీరవిక తొడుక్కుని, కొప్పు బిగించుకుని, చిన్నపిల్లలా బస్సెక్కింది. పట్టీ సరిచేస్తానని ముందే ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్న కలం అతని సంచిలో ఉంది.

భోజనాల ముందు వేదిక మీంచి ఎవరో ఆవిడ పేరు పిలిచారు. తుమిరా తమ్ముడి వైపు తిరిగింది.

"నన్నా?"

"ఒక్క నిమిషం అక్కా. ఊరికే అలా వచ్చి వెళ్దాం."

వేదిక మీద పొయ్యి, మైనం, బిగించిన బట్ట అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దీపాలు మొహాన కొడుతున్నాయి. పొనిజో మైకులో అక్క కథ చెప్పాడు. గోడ సంగతి చెప్పాడు, వేళ్ళ సంగతి చెప్పాడు, గంజి మానేసిన సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నకొద్దీ జనం నిశ్శబ్దమైపోతుంటే అతనికి ఇంకా చెప్పాలనిపించింది. ఆ తర్వాత తన చేత్తోనే అక్క కొంగు పక్కకి తీసి, సొంత ఊరివాళ్ళు కూడా చూడని ఆ చేతిని అందరి ముందూ పైకెత్తి, పట్టీలు బిగించాడు.

తుమిరా నవ్వుతూనే ఉంది. ఒక ఆకు గీసింది. చప్పట్లు మోగాయి. ఫోటోలు తీశారు. దనాంగ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఒక అమ్మాయి మైకు పెట్టి, "ఎలా అనిపిస్తోంది బూ?" అంటే తుమిరా తలవంచి, "అంతా తమ దయ," అంది.

కిందికి దిగాక, స్తంభం చాటున పొనిజో పట్టీలు విప్పుతున్నాడు. అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. అయినా ఆవిడ మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది, ఎవరో అతికించి మర్చిపోయినట్టు. అప్పుడు అతనికి భయమేసింది.

తిరుగుబస్సులో తుమిరా కిటికీ పక్క చోటు చూపించింది.

"తమరు ఇటు కూర్చోండి. గాలి వస్తుంది."

పొనిజోకి తల కొట్టేసినట్టయింది. జావా మనుషులు పెద్దవాళ్ళతో ఒక భాష, చిన్నవాళ్ళతో ఒక భాష మాట్లాడతారు. పెంచిన అక్క తమ్ముణ్ణి తమరనడం ఎక్కడా లేదు. తమరనేది పరాయివాళ్ళని, అధికారుల్ని. లెంపకాయ కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. బస్సు దిగుతూ ఆవిడ అతని సంచిలోంచి కలం తీసుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు అతను నమాజు నుంచి వచ్చేసరికి పట్టీల కలం అతని పనిబల్ల మీద ఉంది. మైనం గీకి, తోలు తుడిచి, పట్టీలు చక్కగా చుట్టి పెట్టి ఉంది.

భార్య ముర్సియా దాన్ని చూసి అంతా గ్రహించింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచింది.

"చెయ్యి చూపించావు సరే, మరి కళ్ళ సంగతేం చేశావయ్యా? ఊరు ఊరంతా ఇన్నేళ్ళూ కళ్ళు, కళ్ళు అని నోరు కట్టుకుని బతికింది. రేపు ఎవరైనా వదిన్ని ఏమని పలకరించాలి? లాసియెమ్ ఆ తమలపాకు నీళ్ళు ఏ మొహంతో తేవాలి?"

"నేను మంచికే చేశాను."

"మంచికైతే ఆవిడకి చెప్పి చెయ్యాల్సింది. చెప్పలేదంటే నీకు ముందే తెలుసన్నమాట."

పేపర్లో ఫోటో పడింది. లాసియెమ్ నిజంగానే నీళ్ళు తేవడం మానేసింది. తుమిరా బియ్యం చెరగడానికి కూడా బయటి అరుగు మీద కూర్చోవడం మానేసింది. వాకిట్లో ఎదురుపడితే, "తమరు భోంచేశారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయేది.

ఇంతలో సంఘం వాళ్ళు పట్టీల కలాలు ఇంకా కావాలన్నారు. పొనిజోకి చెయ్యబుద్ధి కాలేదు, కాదనడానికి నోరు రాలేదు. చేసిచ్చాడు. వాటిని కొండ ఊళ్ళలో చేతులు సరిగా లేని ఆడవాళ్ళకి పంచారు. కొన్నాళ్ళకి, పట్టీలు తెగితే బాగుచేద్దామని అతనే ఆ ఊళ్ళు తిరిగాడు. వాస్తి అనే ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో మేకపిల్ల కట్టేసి ఉంది. దాని మెడలో గేదెతోలు పట్టీ, పాతచెప్పు బకిలు.

వాస్తికి పక్షవాతం వచ్చి తగ్గింది. పట్టు మాత్రం తిరిగి రాలేదు. అతన్ని చూసి నాలుక కరుచుకుంది.

"కోపం తెచ్చుకోకు పాక్. తోలు మంచిది, పారెయ్యడానికి మనసొప్పలేదు."

"కలం పని చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలేదూ! బాగానే చేసింది. కాని అది కట్టుకుని కూర్చుంటే పక్కవాళ్ళు గీత చూడరు పాక్, చెయ్యి చూస్తారు. ‘అయ్యో, ఎంత బాగా గీశావే’ అంటారు. ఆ అయ్యో ఎందుకు? బాగుంటే బాగుందను. చెత్తగా ఉంటే, ఏంటే ఈ కోడిగీతలు అని తిట్టు. నలుగురిలో కూర్చుని తిట్టించుకోవడానికి కూడా నోచుకోలేదు నేను."

"మరి ఎలాంటిది కావాలి?"

"అందరి చేతుల్లో ఏముంటే అది," అంది వాస్తి. తర్వాత బెల్లం కలిపిన టీ ఇచ్చింది. మేకపిల్ల అతని చెప్పులు నాకుతోంది.

కొండ దిగుతూ పొనిజో వాస్తి మాటల్నే తలుచుకున్నాడు. అక్క విషయంలో వేదికెక్కించడమే తప్పని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తప్పు అంతకుముందే మొదలైంది. ఆ కలం చేసిన రోజునే దానిమీద ‘పాపం’ అని రాసిపెట్టాడు. అది కట్టుకున్న ప్రతి చేతినీ వేదికెక్కించాడు.

ఇంటికొచ్చి చిరిగిన చొక్కా గుడ్డతో కుడిచేతి వేళ్ళు కదలకుండా కట్టుకున్నాడు. మామూలు కలం పట్టుకుని చూశాడు. ఇంట్లో కూర్చుంటే తేలే విషయం కాదనిపించి, పొద్దున్నే పాకకి వెళ్ళాడు. పొయ్యి చుట్టూ చిన్న పీటల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక పీట అడిగాడు.

"ఏం పాక్, రాగి దొరకట్లేదా? మా పొట్టకొట్టడానికి వచ్చావా?" అంది లాసియెమ్. పీట మాత్రం జరిపింది.

మైనం ముంచాడు. కలం ఒరిగింది. వేడి మైనం తొడమీద పడింది. ఎగిరి గంతేశాడు. పాకంతా నవ్వులే.

"లుంగీ మీద పువ్వు బాగా పడింది, అద్దకానికి పంపమంటావా?"

"జాగ్రత్త పాక్, ఇంకాస్త పైన పడితే ముర్సియా మామీద కేసు పెడుతుంది!"

అతనూ నవ్వాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ కారింది. నవ్వులు తగ్గి చూపులు మిగిలాయి. అందరి చూపూ గుడ్డ చుట్టిన ఆ చేతిమీదే. ఎటు చూడాలో తెలియలేదు. కాసేపటికి గమనించుకుంటే, తన చెయ్యి పీట కిందికి పోయి దాక్కుని ఉంది. అది ఎప్పుడు వెళ్ళిందో అతనికే తెలియదు.

గుమ్మంలో తుమిరా నిలబడి ఉంది. చెరిగిన బియ్యం లాసియెమ్‌కి ఇవ్వడానికి వచ్చింది. ఎంతసేపైందో.

"బొటనవేలు కట్టలేదేంరా?" అంది.

పొనిజో పీట కిందినుంచి చెయ్యి బయటికి తీశాడు.

"బొటనవేలు ఆడుతుంటే కలమేం ఖర్మ, గొడ్డలి కూడా పట్టుకోవచ్చు. నాకు అదే పోయింది. దాన్ని కట్టు, అప్పుడు కూర్చో."

బియ్యం గంప కింద పెట్టి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో తన చేతి గురించి తన నోటితో ఆవిడ అన్న మొదటి మాట అది. పొనిజో పళ్ళతో గుడ్డ లాగి బొటనవేలు కూడా కట్టుకున్నాడు. లాసియెమ్ ముడి బిగించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత చాలాకాలం పట్టింది. పిడి మధ్యలో కోడిగుడ్డంత ఉబ్బు పెడితే, వేళ్ళు ముడవకపోయినా అరచేతి గుంటలో అది కూర్చుంటుందని తేలింది. గిన్నెని కాస్త పక్కకి వంచితే మణికట్టు తిప్పే పని తప్పింది. కొయ్య బరువైతే బెండు కర్ర వాడాడు. పట్టీ లేదు, బకిలు లేదు. చేసిన ప్రతిదాన్నీ పాకలో మామూలు కలాల బుట్టలోనే పడేసేవాడు. ఇది ఎవరికోసం అని చెప్పేవాడు కాదు. తీసుకున్నవాళ్ళు తిట్టేవాళ్ళు. "కప్పని పట్టుకున్నట్టుంది పాక్." "జారుతోంది." "ఎడమచేతివాటం దాన్ని, నాకు గిన్నె అటు తిరిగి ఉంది." అతను తిట్లన్నీ ఇంటికి మోసుకెళ్ళి, మర్నాడు మరొకటి తెచ్చేవాడు.

ఒకరోజు లాసియెమ్, ఏ జబ్బూ లేని రెండు చేతుల మనిషి, కలం తిరిగివ్వనంది.

"సాయంత్రమైనా మెడ పట్టెయ్యలేదు. ఇది నాది. ఇవ్వను పో."

దానికి బొజ్జకలం అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఆ పేరుతోనే సంతలో అమ్ముడుపోయింది. ముసలివాళ్ళు కొన్నారు, బళ్ళో పిల్లలకి గీత నేర్పే టీచర్లు కొన్నారు. కొండమీది వాస్తి కూడా కొనుక్కుంది. అందరిలాగే బేరమాడి కొన్నదని విని పొనిజో ఆ పూట అన్నం తృప్తిగా తిన్నాడు.

దనాంగ్ మళ్ళీ వచ్చాడు. బొజ్జకలంతో పాటు ఇవ్వడానికి ఒక కాగితం అచ్చు వేయిస్తానన్నాడు. పైన తుమిరా ఫోటో.

"వద్దు. ఇది వికలాంగుల కలం కాదు. బట్ట గీసేవాళ్ళ కలం," అన్నాడు పొనిజో.

"కాని పాక్, ఆ కథ లేకపోతే జనం ఎందుకు పట్టించుకుంటారు?"

"పట్టించుకోకపోతే మానెయ్యనీ. ఆ కథ మా అక్కది నాయనా. నేను అడక్కుండా ఎత్తుకొచ్చి మీకిచ్చాను. ఆవిడ్ని అడగలేదని మీకు కూడా చెప్పలేదు."

దనాంగ్ మొహం కందిపోయింది. టీ గ్లాసు పక్కన పెట్టి, "మా దగ్గరున్న ఫోటోలు తీసేయిస్తాను. పేపర్లో వచ్చింది మాత్రం నా చేతిలో లేదు పాక్," అన్నాడు. పొనిజో తలూపాడు. అది ఎవరి చేతిలోనూ లేదు.

తుమిరా పాకకి రావడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. బుట్టలోంచి ఒక బొజ్జకలం తీసుకుని కూర్చుంది. పాత చుక్కలు మాత్రం తిరిగి రాలేదు. నెమలి ఈకలు ఇప్పుడు వేరేవాళ్ళు గీస్తారు. రంగు ఎక్కకూడని పెద్ద పెద్ద చోట్లని మైనంతో నింపడం ఆవిడ పని. "అంచు దాటావే ముసలిదానా, కళ్ళు కనబడట్లేదా?" అని లాసియెమ్ అరిస్తే, "నా కళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి. చెయ్యే చచ్చింది," అని తుమిరా ఎదురు అరిచేది. కొంగు భుజం మీదే ఉండేది.

ఇదంతా పొనిజోకి ముర్సియా చెప్పిన సంగతి. అతను కళ్ళారా చూడలేదు. కలాలు ఇవ్వడానికి పాక గుమ్మంలో అడుగుపెట్టేసరికి తుమిరా కలం కింద పెట్టేది. చెయ్యి కొంగు కిందికి వెళ్ళిపోయేది. ఊరందరి ముందూ విప్పిన చేతిని తమ్ముడి ముందు మాత్రం కప్పుకునేది. కావాలని చేసేదో, అలవాటుగా జరిగేదో. ‘ఒరే’ అని పిలవడం తిరిగొచ్చింది గాని ఇది పోలేదు. క్రమంగా అతను కలాలు ముర్సియా చేత పంపడం నేర్చుకున్నాడు.

ఉపవాసాల నెల ముగిసి పండుగ వచ్చింది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళూని, ఏడాది పొడుగునా చేసిన తప్పులకి మన్నింపు అడగాలి. తుమిరా పీట మీద కూర్చుంది. వెనక బంధువుల పిల్లలు, కోడళ్ళు వరసగా నిలబడ్డారు. కొబ్బరిపాల కోడికూర వాసన ఇల్లంతా నిండి ఉంది. పొనిజో ఆవిడ మోకాళ్ళ మీద నుదురు ఆనించాడు.

"తెలిసీ తెలియక చేసిన తప్పులు..." అని ప్రతి ఏడూ అనే మాటే మొదలుపెట్టి ఆగిపోయాడు. "తెలియక కాదక్కా. తెలిసే చేశాను."

"పనసకాయ కూర అన్నావు," అంది తుమిరా మెల్లగా.

"అన్నాను."

"నేను నమ్మి కొప్పు బిగించుకుని మరీ వచ్చాను."

పొనిజో తల ఎత్తలేదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. పిల్లలు కాళ్ళు మార్చుకుంటున్నారు.

"మన్నించాను. పండుగ కదా, మన్నించకపోతే నాకే పాపం. కాని మళ్ళీ ఏడు మళ్ళీ అడుగు. ఇది ఒక్కసారితో తీరేది కాదు రా."

"అడుగుతాను."

"లే మరి. వెనక పిల్లలు ఆకలితో ఉన్నారు."

లేచాడు. ముర్సియా అతనికి కంచం అందించింది. పొనిజో వంటింటి గుమ్మం దగ్గర, అందరికీ వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. తుమిరా బతికున్నన్నాళ్ళూ ప్రతి పండక్కీ అదే తప్పు చెప్పుకున్నాడు. ఆవిడ మన్నిస్తూనే వచ్చింది. ఏ ఏడూ అతనికి ఆ మాట చెప్పడం తేలిక కాలేదు.